ఎంగిలి పొట్లం

మా ఇంట్లో బియ్యం డబ్బాలు రెండు. ఒకటి మాది. రెండోది మాది కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి ఆ రెండో డబ్బాలో వేయాలి. మా చర్చి సంఘంలోని ఆడవాళ్లందరి ఇళ్లలోనూ ఇదే పద్ధతి. ఆదివారం ఆ గుప్పెళ్లన్నీ మందిరానికి వచ్చి ఒకే గోనెసంచిలో పడతాయి. సన్న బియ్యం, లావు బియ్యం, రేషన్ బియ్యం, నూకలు, అన్నీ. ఒకసారి సంచిలో పడ్డాక ఎవరివెన్ని అని దేవుడు కూడా అడగడని మా అత్తమ్మ అంటుంది.

శ్రమల దినాల్లో ఆ సంచి మా ఇంటికి చేరుతుంది. ఈస్టరుకు ముందు మేము పొద్దుగుంకేదాకా ఉపవాసంతో గడిపే రోజులవి. ఆ రోజుల్లో మార్కాపురంలోని సర్కారు ఆసుపత్రి దగ్గర మధ్యాహ్నం అన్నం పెట్టే పని మా కుటుంబం ఒప్పుకుంది. రోగులకు ఆసుపత్రే భోజనం పెడుతుంది. వాళ్ల వెంట పల్లెల నుంచి వచ్చి వరండాల్లో పడుకునేవాళ్ల కోసం మా పొట్లాలు. అత్తమ్మ పప్పన్నం వండుతుంది. నేనూ, డిగ్రీ చదివే మా అమ్మాయీ విస్తరాకులో కట్టి పైన కాగితం చుడతాము. మా ఆయన పలకల ఫ్యాక్టరీలో భోజనం గంట కొట్టగానే బయటికి వచ్చి, తెలిసినవాళ్ల ఆటోలో బుట్టలు ఎక్కించుకుంటాడు. నలుగురం కలిసి వెళ్తాము.

ఈ పనికి మేము పెట్టుకున్న కట్టుబాట్లు ఉన్నాయి. మా నాయన పుల్లలచెరువు దిక్కు పల్లెల్లో సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పినవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదీ, అత్తమ్మ తన పెద్దల దగ్గర నేర్చుకున్నదీ ఒకటే. ధర్మం చేస్తే చాటుగా చేయాలి. ఎవరు పెట్టారో చెప్పుకోకూడదు. ఉపవాసం ఉంటే ముఖం కడుక్కుని, తలకు నూనె రాసుకుని, ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా ఉండాలి. ఇవి కాక ఇంకోటి, ఇది అత్తమ్మ సొంతం: అన్నం పెట్టే చోట వాక్యం చెప్పకూడదు. ఆకలితో ఉన్నవాడు దేనికైనా తల ఊపుతాడు, ఆ తల ఊపడం దేవునికి అక్కర్లేదు అంటుంది. నాకు ఆ ఒక్కటి మింగుడుపడేది కాదు. నా మనసులో ఏ ఆశా లేకుండానే బుట్ట మోశానని చెప్పలేను. కానీ మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను.

ఈ కట్టుబాట్లన్నీ బయటినుంచి చూసేవాళ్లకు ఎలా కనపడతాయో మేము ఎన్నడూ ఆలోచించలేదు. ఆ పెద్దమ్మ వచ్చేదాకా.

పుల్లలచెరువు దాటి, అడవి అంచున ఉండే పల్లె వాళ్లది. గొర్రెల కాపరులు. కూతురికి నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డను పసిపిల్లల గదిలో గాజు పెట్టెలో ఉంచారు. కూతురు పక్క వార్డులో మంచం మీద ఉంది. అల్లుడు గొర్రెలను తోలుకుని మేత కోసం కాలవల దిక్కు పోయాడు. తల్లీ కూతురూ తప్ప ఇంకెవరూ లేరు.

మొదటి రోజు నేను పొట్లం చాపితే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఎవురు పంపిచ్చినారు ఇది?"

"ఎవరైతే ఏముంది పెద్దమ్మా, తినండి."

"ఎవురో చెప్పకుండా పెట్టే కూడు ఏం కూడమ్మా?"

పక్కనే గిద్దలూరు దిక్కు మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. తండ్రికి ఆపరేషన్ అని వారం నుంచి అక్కడే ఉంటున్నాడు. మా పొట్లం అప్పటికే సగం తినేశాడు. "పెద్దమ్మా, ఓట్లు ఇప్పట్లో లేవులే, తిను" అన్నాడు.

"ఓట్లోళ్లయితే ఎవురో చెప్పుకుంటారు గదా నాయనా! పొట్లం మీద బొమ్మ కూడా ఏస్తారు. వీళ్లు చెప్పటంలే. అదే నా అనుమానం."

ఆయన నములుతున్నవాడు కాస్త ఆగాడు. చేతిలోని ముద్ద వైపు చూశాడు. మళ్లీ తిన్నాడు గానీ ఈసారి నెమ్మదిగా తిన్నాడు.

మంచం మీదున్న బాలింత చూపు మాత్రం నా బుట్ట వెంబడే తిరిగింది. పాతికేళ్లు కూడా ఉండవు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆ వార్డు నర్సమ్మ మాకు తెలిసిన మనిషే. బయటికి వస్తుంటే ఆమె చెప్పింది. ఈ పిల్లకు ఇంతకుముందు ఇద్దరు పుట్టి పోయారట. రెండో బిడ్డ పురిటికి వచ్చినవాళ్లలో ఎవరో అన్నంలో మందు పెట్టారని, ఆ పాలు తాగే బిడ్డ పోయిందని తల్లి నమ్మకమట. మా పల్లెల్లో మందు పెట్టడం అంటే తెలియనివాళ్లు ఉండరు. ఏ ఆకో వేరో తిండిలో కలిపి పెడితే మనిషి చిక్కి చిక్కి పోతాడని అంటారు. అందుకని ఆమె ఆసుపత్రి అన్నం కూడా కూతురిని ముట్టనివ్వడం లేదు. బిస్కెట్ల ప్యాకెట్ ఒక్కటే పెడుతుంది, అది కూడా అంగట్లో తనే కొన్న, చింపనిదైతేనే.

"టీ, బిస్కెట్లతో పాలు ఎట్ల పడతాయక్కా?" అంది నర్సమ్మ. "బిడ్డకు తల్లి పాలే కావాల. చెప్పి చెప్పి నా నోరు నొస్తా ఉండాది."

ఇద్దరు పోయాక పుట్టిన మూడో బిడ్డ గాజు పెట్టెలో ఉంది. దానికి పాలు కావాలి. పాలు పడాలంటే తల్లి తినాలి. తల్లి తినాలంటే ఆ పెద్దమ్మ నమ్మాలి. ఇంతే సంగతి. కానీ ఈ ఇంతే సంగతి మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోతుందో ఆ రోజు తెలియలేదు.

రెండో రోజు ఆమె పొట్లం అందుకుంది. నాకు ఆశ్చర్యమే కలిగింది. దాన్ని కొంగు చాటున పెట్టుకుని బయటికి నడిచింది. ఆ నడక నాకు నచ్చలేదు. మా అమ్మాయిని మిగిలిన పొట్లాలు ఇవ్వమని చెప్పి, నేను కిటికీలోంచి చూశాను.

సైకిలు స్టాండు పక్కన వేపచెట్టు కింద పొట్లం విప్పి నేల మీద పెట్టింది. ఆసుపత్రి ఆవరణలో తిరిగే ఎర్ర కుక్క ఒకటి వచ్చి ఆకు కూడా మిగల్చకుండా నాకింది. ఆమె గొంతుక్కూర్చుని ఆ కుక్కనే చూస్తూ ఉంది. కుక్క అటూ ఇటూ తిరిగింది. నీళ్లు కారే కుళాయి దగ్గర నాకింది. మార్చి ఎండ. కడుపు నిండింది. ఆగి ఉన్న అంబులెన్సు నీడలోకి పోయి పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ చాపి పడుకుంది.

పెద్దమ్మ లేచి నిలబడింది.

"రాండయ్యా! రాండమ్మా! సూడండి! పొద్దున్నుంచీ తిరుగుతుండిన కుక్క, వీళ్ల కూడు తిని పడిపోయింది!"

వరండాల్లోంచి జనం వచ్చారు. కొందరు చేతిలో పొట్లాలతోనే వచ్చారు. ఒక కుర్రవాడు ఫోను తీసి పైకెత్తి పట్టుకున్నాడు. మా ఆయన ముఖం పలక రంగుకు తిరిగింది. కుక్క కదలలేదు. ఎవరో చిన్న రాయి వేశారు, కదలలేదు. నా చేతిలో ఉన్న బుట్ట కింద పెట్టేశాను. కళ్లు మూసుకోకుండానే ప్రార్థన చేశాను. ఒక కుక్క లేవాలని ప్రార్థన చేయడం నా జీవితంలో అదే మొదటిసారి.

వాచ్‌మన్ వచ్చి దాని చెవి పక్కన కర్రతో నేలను కొట్టాడు. కుక్క ఒక కన్ను తెరిచింది. లేచింది. ముందు కాళ్లు చాపి, వెనక కాళ్లు చాపి, ఒళ్లంతా విరుచుకుని, తిన్నగా అత్తమ్మ దగ్గరికి వచ్చి తోక ఊపింది.

"పెద్దమ్మా, దానికి ఇంకొకటి గావాలంట!" అని గిద్దలూరాయన అరిచాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"కుక్కకు పెట్టే మందు వేరే, మనిషికి పెట్టే మందు వేరే" అని లోపలికి పోయింది.

నవ్వినవాళ్లలో కొందరు పొట్లాలను మళ్లీ విప్పలేదు. గోడ మీద పెట్టి వెళ్లిపోవడం నేను చూశాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరి అనుమానం వారిది. "ఆ వీడియో ఎవడి ఫోన్లో ఉందో ఏమో. రేపు ఎవురికన్నా వాంతులైనా మన మీదికే వస్తాది" అన్నాడు మా ఆయన. "నాకేమో ఆమెను ఎవురో పంపిచ్చినట్టుండాది. మనల్ని ఆడినుంచి లేపేదానికి."

"ఎవురు పంపుతారు నాయనా? ఆమె బిడ్డ ఆడ పండుకోనుండాది" అంది మా అమ్మాయి. "ఇది సంఘం బియ్యం, మేము ఫలానా అని చెప్పేస్తే పోలా?"

"చెప్పి పెడితే అది పెట్టడం కాదు, చాటింపు" అంది అత్తమ్మ. ఆ మాట మీద ఎవరూ ఇంకో మాట అనరు. మా మామయ్య చనిపోయింది శ్రమల దినాల్లోనే. ఆయన్ను మట్టి చేసి వచ్చిన రోజు కూడా పొద్దుగుంకేదాకా ఆమె గుక్కెడు నీళ్లు ముట్టలేదు. అలాంటి మనిషి చెప్పే మాట.

కానీ మా ఆయన వేసిన అనుమానం నాలో నాటుకుంది. మరుసటి రోజు నుంచి ఆమెను గమనించడం మొదలుపెట్టాను. ఎవరితో మాట్లాడుతోంది, ఎవరు ఫోన్ చేస్తున్నారు, ఆటో వాడిని ఏమడుగుతోంది. ప్రతి ఆత్మనూ పరీక్షించాలని నేర్చుకున్నదాన్ని. వివేచన ఇమ్మని రోజూ మోకాళ్ల మీద అడిగేదాన్ని. ఆమె మా అన్నాన్ని పరీక్షిస్తుంటే, నేను ఆమెను పరీక్షిస్తున్నాను. వార్డులో ఇద్దరమూ ఒకరినొకరు వదలకుండా చూసుకునేవాళ్లం.

ఒకరోజు ఆమె పొట్లం విప్పించి, అన్నాన్ని వేలితో విడదీసి చూసింది.

"ఇదేంది, ఒక మెతుకు లావు, ఒక మెతుకు సన్నం? ఒక ఇంటి బియ్యమైతే ఒక్క తీరుగా ఉంటాయి. ఈ తెల్లటి గింజ సూడు, ఇది బియ్యమేనా? ప్లాస్టిక్ బియ్యమని ఫోన్లో చూపిస్తా ఉండారే, అయ్యేనా?"

"అది రేషన్ బియ్యంలో కలిపే గింజ పెద్దమ్మా. బలానికి కలుపుతారు."

"కలుపుతారు అని నువ్వే అంటుండావు గదా."

నాకు ఓపిక పోయింది. వెనక్కి చూశాను. అత్తమ్మ దూరంగా వరండా చివర ఉంది. గొంతు తగ్గించి చెప్పేశాను: "పెద్దమ్మా, ఇది ఒక ఇంటి బియ్యం కాదు. చానా ఇళ్లలో ఆడోళ్లు వండేటప్పుడు తలా ఒక గుప్పెడు తీసి పెడతారు. అదంతా కలిపి వండుతాము. అందుకనే రెండు మూడు రకాలుంటాయి. ఇంకేం లేదు."

చెప్పాక గుండె తేలికయింది. ఆమె మెతుకులను మళ్లీ వేలితో విడదీసింది.

"అన్ని ఇళ్లా?"

"అన్ని ఇళ్లే."

"అయితే అన్ని ఇళ్లల్లో ఎవురు మంచోళ్లు, ఎవురు చెడ్డోళ్లో నీకేం తెల్సు? ఒక్కామె గుప్పిట్లో ఏదన్నా ఉంటే?"

బుట్ట ఎత్తుకుని పక్క మంచం దగ్గరికి పోయాను. కట్టుబాటు తప్పి నిజం చెప్తే ఒక ఇంటి మీద ఉన్న అనుమానం ఊరంతా పాకింది.

ఆ వారంలో బిడ్డ బరువు పెరగలేదు. తగ్గింది. నర్సమ్మ పెద్దమ్మ ముందే అంది: "నీ కూతురికి తిండి పెట్టవు, నా మీదకు బిడ్డను తోస్తావు." పెద్దమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని మా వైపే చూస్తూ ఉంది. నేను బుట్టతో దగ్గరికి రాగానే అంది:

"మిమ్మల్ని ఒకటి అడుగుతా. నిజం చెప్పండి."

"అడగండి."

"ఇంతమందికి పెడతారు గదా, మీరు ఒక మెతుకు కూడా నోట్లో ఏసుకోరేంది?"

నా వెనక మా ఆయన ఆగిపోయాడు.

"మేము తర్వాత తింటాము పెద్దమ్మా. ఇంటికి పోయి."

"ఇంటికాడనా? ఈడ ఎందుకు తినరు? నేను సూస్తానే ఉండా. వచ్చిన కాడినుంచి సూస్తా ఉండా. ఎండకు మీ నాలుకలు పిడచగట్టుకపోతుండాయి. నీళ్లు కూడా తాగరు. నిన్న ఈ పాప కండ్లు తిరిగి గోడ పట్టుకున్యాది. కడుపులో ఏమీ లేదు. చేతిలో ఇంత అన్నముండాది. అయినా తినలే." ఆమె మా అమ్మాయిని వేలితో చూపించింది. "వండినోళ్లే ముట్టని కూడు నా బిడ్డకెందుకు పెట్టాల?"

గిద్దలూరాయన కూడా ఈసారి జోకు వేయలేదు. వార్డంతా మా వైపు చూసింది. ఉపవాసం అని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆ మాట నా నాలుక చివర ఉంది. కానీ ఉపవాసం ఉన్నామని నలుగురిలో చెప్పుకుంటే ఆ ఉపవాసానికి విలువ పోయిందనే మాట చిన్నప్పటి నుంచి నా ఎముకల్లో ఉంది. నేను నేల చూశాను. నేల చూసేవాళ్లు ఎలా కనపడతారో నాకు తెలుసు.

"నేను తింటా" అన్నాను చివరికి. "నీ ముందరే తింటా. చాలా?"

"నువ్వొద్దు. నువ్వు మాటలు నేర్చినదానివి. గుప్పెళ్లంట, బలం గింజలంట." ఆమె చూపు నన్ను దాటి పోయింది. "వండింది ఆ పెద్దామె గదా. ఆమె తినాల. ఆమె తింటే నా బిడ్డ తింటాది."

అత్తమ్మ అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు, ఆమెకు వినపడే ఉంటుంది. పెద్దమ్మను చూసింది. మంచం మీద పిల్లను చూసింది. ఆ పిల్ల లేచి కూర్చుని ఉంది, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని. నేను అత్తమ్మ ముఖాన్నే చూస్తున్నాను. నాకు తెలిసి ఆమె ఉపవాసం మధ్యలో వదలడం ఎన్నడూ లేదు. జ్వరంలోనూ వదల్లేదు.

ఆమె వచ్చి ఆ పెద్దమ్మకు ఎదురుగా నేల మీద చతికిలపడింది. చెయ్యి చాపింది. పొట్లం ఇచ్చాను. విప్పింది. కళ్లు మూసుకుంది.

"ఏంది, కండ్లు మూసుకోని గొణుగుతుండావు? మంత్రమా?"

అత్తమ్మ కళ్లు తెరిచింది. "మంత్రం కాదు వదినా. అన్నమిచ్చినోడికి దండం పెట్టుకుంటుండా."

"ఎవురా ఇచ్చినోడు? ఇన్నాళ్లనుంచి అదే గదా నేను అడిగేది!"

మంచాల మీద ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నాయన బతికి ఉంటే ఇలాంటి ప్రశ్న కోసం ఒక పల్లెకు పదిసార్లు తిరిగేవాడు. జవాబు నా గొంతు దాకా వచ్చింది. అత్తమ్మ నన్ను చూసిన చూపుకు అక్కడే ఆగింది.

"తిన్నాక చెప్తాలే" అని ఆమె ముద్ద కలిపింది.

మొదటి ముద్ద దిగడానికి కష్టపడింది. పొద్దున్నుంచీ తడి లేని గొంతు. పెద్దమ్మ మోకాళ్ల మీద ముందుకు వంగి, గొంతు కదిలేదాకా చూసింది. "పైపైన కాదు. అడుగున తియ్యి. ఆ పప్పు ఉన్న దిక్కు తియ్యి." అత్తమ్మ అడుగున తీసింది. పప్పు ఉన్న దిక్కు తీసింది. "నోరు తెరువు" అంది. తెరిచింది. నాకు మండిపోతోంది. మా ఆయన గుమ్మం బయటికి వెళ్లి నిలబడ్డాడు, చూడలేక.

సగం అయ్యాక నేను బుట్టలోంచి కొత్త పొట్లం తీసి మంచం వైపు వెళ్లాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అది వద్దు. ఇది ఇయ్యి."

ఆమె చూపిస్తున్నది అత్తమ్మ ముందున్న పొట్లాన్ని.

"అది ఎంగిలి పెద్దమ్మా."

"ఎంగిలైతేనే కావాల."

మా పల్లెల్లో ఎంగిలి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మా తాతల కాలంలో మావాళ్లు తాకిన కడవలోని నీళ్లు పారబోసేవాళ్లు. అలాంటి పల్లె నుంచి వచ్చిన మనిషి, మా అత్తమ్మ వేళ్లు తిరిగిన అన్నాన్ని రెండు చేతులతో ఎత్తుకుని కూతురి ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల తల ఎత్తకుండా తిన్నది. ఆకుకు అంటిన పప్పు కూడా వేలితో తీసుకుని తిన్నది. పెద్దమ్మ మాత్రం గోడ పక్కకు జరిగి బిస్కెట్ ప్యాకెట్ చింపుకుంది. తన నోటిదాకా నమ్మకం ఇంకా రాలేదు.

ఆ రోజు నుంచి అదే పద్ధతయింది. మేము వెళ్లేసరికి ఆమె నేల తుడిచి కూర్చుని ఉండేది. అత్తమ్మ సగం తినేది, మిగతా సగం మంచం మీదికి పోయేది. రోజుకొక పొట్లం పెద్దమ్మే ఏరుకునేది, మేము ఇచ్చింది తీసుకునేది కాదు. బుట్ట అడుగున చెయ్యి పెట్టి తీసేది. నాలుగైదు రోజులకు నర్సమ్మ మొహం మారింది. పాలు పడుతున్నాయంది. బిడ్డను గాజు పెట్టె నుంచి తీసి తల్లి రొమ్ము మీద పెడుతున్నామంది.

ఈలోపు ఒకరోజు పొద్దుగుంకాక మా ఇంటికి సంఘపెద్ద వచ్చాడు. కుర్చీలో కూర్చుని నీళ్లు వద్దన్నాడు.

"అక్కా, ఒక మాట వినపడింది. నేను నమ్మలే. అయినా అడగాల గదా."

"అడుగు నాయనా."

"శ్రమల దినాల్లో, మిట్టమధ్యాన్నం, ఆసుపత్రి నేల మీద కూర్చోని అన్నం తింటుండావంట. అది కూడా గుప్పిటి బియ్యం అన్నం. బీదలకని పక్కన పెట్టింది."

"అవును. తింటుండా."

అంతే. ఇంకేమీ చెప్పలేదు. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. చెప్పనివాళ్ల ముఖంలోకి మనిషి ఎలా చూస్తాడో నాకు ఆ వార్డులో బాగా తెలిసిపోయింది, అదే చూపు. నేను నోరు తెరవబోయాను. అత్తమ్మ నా వైపు తిరిగి, "ఆయనకు మజ్జిగన్నా తేపోమ్మా" అంది. మజ్జిగ తెచ్చేసరికి ఆయన లేచి ఉన్నాడు.

తర్వాతి ఆదివారం గోనెసంచి మా ఇంటికి రాలేదు. మందిరం వెనక ఇంకొకరి ఇంటికి పోయింది. ఏ రోజుకు ఎంత కావాలో అంత కొలిచి మాకు పంపారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆడవాళ్ల వరుసలో అత్తమ్మ పక్కన మాత్రం కొంచెం ఖాళీ ఎక్కువ కనపడింది. "చెప్పేస్తే అయిపోతాది గదా అత్తమ్మా" అన్నాను ఇంటికి వచ్చాక. "ఎవరికి చెప్పాల్నో ఆయనకు తెల్సు" అంది. నేను రాత్రి ప్రార్థనలో ఆ మాట మీద చాలాసేపు ఉన్నాను. నా మనసుకు సమాధానం కలగలేదు.

వాళ్లు ఇంటికి పోయే రోజు వచ్చింది. మేము వెళ్లేసరికి ఆసుపత్రి గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. అల్లుడు వచ్చాడు. నల్లగా, సన్నగా, కంబళి భుజాన వేసుకుని నిలబడ్డాడు. బిడ్డ తల్లి ఒడిలో గుడ్డలో చుట్టుకుని ఉంది. ముక్కు కొస తప్ప ఏమీ కనపడదు. దిష్టి తగులుతుందని పెద్దమ్మ ఆ ముక్కు మీదికి కూడా గుడ్డ లాగింది, మమ్మల్ని చూసి.

"బరువు వచ్చినాది" అంది అత్తమ్మతో. "ఇంటికి పొమ్మన్యారు."

"మంచిది వదినా."

"ఇంతకీ మీకేం కావాల? ఇప్పుడన్నా చెప్పు. పోతుండాము గదా."

"ఏం వద్దు."

"ఏం వద్దనేటోళ్లతోనే భయం నాకు." ఇలా అంటూ ఆమె అల్లుడి చేతిలోని గుడ్డ మూట తీసుకుని విప్పింది. లోపల బెల్లం, పుట్నాలు, ఎండు కొబ్బరి చిప్ప ముక్కలు. మూట అంచున పసుపు మరక ఉంది. తడి ఆరని పసుపు. అతను వచ్చేదారిలో ఎక్కడ ఆగి వచ్చాడో, ఏ మొక్కు చెల్లించి వచ్చాడో నాకు అర్థమయింది. అర్థమయిందని అనుకున్నాను. అడగలేదు.

విగ్రహానికి పెట్టింది తినవచ్చా లేదా అనే దాని మీద మా ఇళ్లలో పుట్టినప్పటి నుంచీ బోధ వింటాము. నాకు ఆ బోధ అంతా కంఠతా వచ్చు. నీ ముందు పెట్టినదాన్ని ఎక్కడిదని అడగకుండా తిను. కానీ ఇది ఫలానా చోట పెట్టింది అని ఎవరైనా చెప్తే తినకు. కాబట్టి ఇప్పుడు అంతా ఆమె చెప్పడం మీద ఉంది. చెప్పవద్దని నేను లోపల వేడుకున్నాను.

పెద్దమ్మ ఒక కొబ్బరి ముక్క, బెల్లం ముక్క తీసి అత్తమ్మకు చాపింది. అత్తమ్మ చెయ్యి ముందుకు వచ్చి, మధ్యలో ఆగింది.

"యాడిది వదినా ఇది?"

పెద్దమ్మ మొహం విప్పారింది. ఇన్నాళ్లలో ఆమె పళ్లు చూడడం నాకు అదే మొదలు.

"ఎవురో చెప్పకుండా పెట్టింది నువ్వు తినవా?"

గేటు దగ్గరున్న వాచ్‌మన్ కూడా తిరిగి చూశాడు. పెద్దమ్మ ఆ కొబ్బరి ముక్కను తన నోట్లో పెట్టుకుని, పళ్లతో కటుక్కున సగానికి కొరికింది. బెల్లమూ కొరికింది. మిగిలిన సగాలను అత్తమ్మ అరచేతిలో పెట్టింది.

"ఇంద. ఎంగిలి చేసినా. ఇంక నీకు భయం లేదు."

మధ్యాహ్నమే. ఉపవాసపు రోజులు ఇంకా అయిపోలేదు. సంచి మా ఇంటికి రావడం మానేసింది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. అత్తమ్మ అరచేతిలోకి ఒకసారి చూసి, నోట్లో వేసుకుంది. పెద్దమ్మ ముందుకు వంగి, గొంతు కదిలేదాకా చూసి, అప్పుడు ఆటో ఎక్కింది. బిడ్డ ముక్కు మీద గుడ్డ ఒక వేలంత జరిపి, "సూడు" అని అత్తమ్మకు మాత్రం చూపించి, మళ్లీ కప్పేసింది.

ఎక్కేముందు నా చేతిలో కూడా ఒక బెల్లం ముక్క పెట్టింది. దాన్ని కొరకలేదు. నన్ను ఆమె చివరిదాకా మాటలు నేర్చినదానిగానే లెక్కగట్టింది.

పసుపు మరకను అత్తమ్మ చూసిందో లేదో నాకు తెలియదు. ఆమె కళ్లకు శుక్లాలు వచ్చి ఏడాది దాటింది. కానీ చూడదలుచుకున్నవి అన్నీ చూస్తుంది. ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు అడగాలనుకున్నాను. ఖాళీ బుట్టల మధ్య కూర్చున్న ఆమె దవడ ఇంకా నెమ్మదిగా కదులుతూనే ఉంది. ఎండు కొబ్బరి, ఆ పళ్లతో అంత తొందరగా నలగదు.

నా గుప్పిట్లో బెల్లం ఎండకు కరిగి వేళ్లకు అంటుకుంది. దాన్ని ఏం చేశానో అత్తమ్మ అడగలేదు. నేనూ చెప్పలేదు.